అలాగేనండి బ్రహ్మయ్య కట్టిన గేటు

పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పి బతికినవాణ్ణి నేను. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, దాచిపెడితే మీరు నన్ను మామూలు తెలివితక్కువవాడు అనుకునే ప్రమాదం ఉంది. నాది అంత చవకబారు తెలివితక్కువతనం కాదు. బోర్డుమీద సుద్దముక్కతో బాణాలు గీసి, బలం ఎటునుంచి ఎటు పోతుందో ఇరవయ్యేళ్లపాటు ఊరి పిల్లలందరికీ నేర్పి, తీరా నా సొంత కల్లం దగ్గర ఆ బాణాన్ని తిరగేసి నాకే గుచ్చుకున్న పైచదువుల తెలివితక్కువతనం. పన్నెండడుగుల గేటొకటి, దిక్కులు చూపించే ఫోనొకటి, మరియమ్మ గేదె ఒకటి. ఈ మూడూ ఒకే మధ్యాహ్నం ఒకే చోట కలిస్తే ఎంత ప్రళయం వస్తుందో ఇప్పుడు చెబుతాను. మిరపకాయల ఘాటు ఎక్కువగా ఉంటుంది కాబట్టి ఒకసారి తుమ్మేసి కూర్చోండి.

ఏడేళ్ల కిందటి మాట. మా ఆవిడ సుజాతకు పుట్టింటివాళ్లు పసుపు కుంకుమ కింద ఇచ్చిన రెండెకరాల నల్లరేగడి ఉంది. దాన్ని ఏటేటా తన తమ్ముడు శేషగిరికి కౌలుకిచ్చేది. ఆ ఏడు నాకు వ్యవసాయం పూనకం వచ్చింది.

"ఒక్క ఏడు నాకివ్వు సుజాతా. మిర్చి వేసి చూపిస్తాను."

ఆవిడ నన్ను కిందినుంచి పైకి చూసింది. చూసిన తీరులో నా చెప్పులకే కాస్త ఎక్కువ మార్కులు పడ్డట్టనిపించింది.

"సరే. కాయ కల్లంలో ఎండి, గోతాల్లోకెక్కి, ట్రాక్టరు మీద బయటికెళ్లేదాకా పూచీ మీది. మధ్యలో ఏ తేడా వచ్చినా వచ్చే ఏటినుంచి మళ్లీ తమ్ముడికే. ఇక మీరు వ్యవసాయం ఊసెత్తకూడదు."

"ఎత్తను," అన్నాను. ఊసు ఎత్తకపోవడం వేరు, గేటు ఎత్తకపోవడం వేరని అప్పటికి తెలియదు.

పైరు బాగానే పండింది. అది నా గొప్ప కాదు, నేను పెద్దగా జోక్యం చేసుకోలేదు. అసలు భయం కోత అయ్యాకే మొదలైంది. కోసిన కాయల్ని చదును చేసిన నేలమీద పరిచి, పదిహేను ఇరవై రోజులు ఎండబెడతాం. అదే కల్లం. పావు ఎకరం మేర ఎర్రటి పరుపు పరిచినట్టుంటుంది. మనకది పంట, మేకలకది వింత, కుక్కలకది విహారస్థలం. మా కల్లంలో కాయలు ఏరే ఆడవాళ్లకు పెద్ద దిక్కు మరియమ్మ. ఆవిడ గేదెకు మాత్రం అది నిజంగానే పరుపు. కాబట్టి చుట్టూ ఉన్న పాత రాతిస్తంభాలకు ఇనప జాలీ కట్టించి, ఒక గేటు పెట్టించాలని నిర్ణయించాను. కంచె చేను మేస్తే అని పెద్దలు భయపెడతారు గానీ, మా కంచె పాపం ఆకు కూడా ముట్టలేదు. గేటు మాత్రం నా పరువు మేసి నెమరు కూడా వేసింది.

మొదట మస్తాన్‌కి కబురు పెట్టాను. ఊరి సెంటర్లో వెల్డింగు షాపు అతనిది. చుట్టుపక్కల పొలాలకు కంచెలూ గేట్లూ కడతాడు. నా దగ్గర చదువుకున్నవాడే. చదువుకున్నాడనడం కొంచెం మర్యాద, కూర్చున్నాడు అనడం న్యాయం. నా సబ్జెక్టులో ముప్పై ఆరు మార్కులతో గట్టెక్కాడు.

వచ్చినవాడు కుర్చీ వేస్తే కూర్చోలేదు. కాఫీ ఇస్తే తర్వాత అన్నాడు. నేరుగా కల్లంలోకి పోయి, నేలలో ఒక నెర్రె చూసుకుని గునపం దింపాడు. సగం గునపం లోపలికి పోయింది. అటు చూసి, నావైపు చూసి, ప్రశ్నలు మొదలుపెట్టాడు.

"ట్రాక్టరు ఎటునుంచి తిరుగుద్ది సార్? వానాకాలం ఇక్కడ నీళ్లు నిలుస్తయ్యా? గేటు రోజుకి ఎన్నిసార్లు తీస్తారు?"

ఇరవయ్యేళ్లు ప్రశ్నలు అడిగి బతికినవాణ్ణి. ఎవరైనా నన్ను అడిగితే నాకు ఒళ్లు మండుతుంది.

"ఇన్ని ప్రశ్నలెందుకురా? పన్నెండడుగుల గేటు, ఒకటే రెక్క. అంతే."

"ఒంటి రెక్క వద్దు సార్. బారెక్కువ. ఆరూ ఆరు, రెండు రెక్కలు చేద్దాం."

"ఒకటే ఉండాలి. రోడ్డున పొయ్యేవాళ్లు ఆగి, ఎవరిదిరా ఈ కల్లం అనాలి."

"అంటారు సార్. అది వాలినాక ఇంకా గట్టిగా అంటారు."

నేను గంభీరంగా దగ్గాను. అతను పట్టించుకోలేదు.

"సరే, ఒంటి రెక్కే కావాలంటే స్తంభానికి నాలుగడుగుల గుంట తియ్యాలి. నల్లరేగడి కదా. ఎండకి నెర్రెలిచ్చుద్ది, వానకి ఉబ్బుద్ది. నిలబడినోణ్ణి నిలబడనియ్యదు. గట్టి నేల తగిలేదాకా తవ్వి కాంక్రీటు పోసి, పది రోజులు ఆరనిచ్చి అప్పుడు గేటు తగిలిస్తా."

"పది రోజులా! ఎల్లుండి దశమిరా. ముహూర్తం పెట్టించాం."

"ముహూర్తాలు మనుషులకి సార్. సిమెంటుకి తిథులు తెలియవు."

ఇంతలో మా బావమరిది శేషు వచ్చాడు. మనిషి మంచివాడు, కష్టజీవి, అక్కంటే ప్రాణం. ఒకటే లోపం. ఆ మధ్య ఫోనులో దిక్సూచి వేయించుకున్నాడు. అప్పట్నుంచి ఫోనుని హారతి పళ్లెంలా రెండు చేతులా పట్టుకుని తిరిగేవాడు. అన్నం తినేటప్పుడు విస్తరి దిక్కు చూసేవాడు. క్షవరానికి వెళ్తే మంగలిషాపులో కుర్చీ తిప్పించేవాడు.

మస్తాన్ పుల్లతో నేలమీద గేటు బొమ్మ గీస్తున్నాడు. మీకూ ఇక్కడ కాస్త పాఠం తప్పదు, అలవాటైన నోరు. గేటు రెక్క అంటే చాచిన చెయ్యి లాంటిది. మడతబందులున్న స్తంభం దాని భుజం, గడియ ఉండే కొస దాని వేళ్లు. చెయ్యి చాచి ఎంతసేపుంచినా కొస కిందికి దిగుతుంది. దిగకుండా భుజం పైనుంచి వేళ్ల అడుగుదాకా ఏటవాలుగా ఒక గట్టి తీగ కడతారు. తీగ మధ్యలో ఒక మర ఉంటుంది. అది తిప్పితే తీగ బిగిసి, గేటు కొసని పైకి లాగి పట్టుకుంటుంది. అంతే సంగతి. ఇది నేను ఎనిమిదో తరగతి పిల్లలకు నిద్రలో కూడా చెప్పగలను. మెలకువలోనే మర్చిపోయాను.

శేషు ఫోను చూసి, బొమ్మ చూసి, కెవ్వుమన్నాడు.

"ఆగాగు మస్తానూ! ఈ స్తంభం సరిగ్గా ఈశాన్యం మూల. తీగ పై కొస ఇక్కడా? ఈశాన్యం పల్లంగా ఉండాలయ్యా! నువ్వు దాన్ని నెత్తికెక్కిస్తున్నావు. బావా, తిరగెయ్యమను. ఈశాన్యంలో కింద మొదలై, అటు కొసకి పైకి పోవాలి."

"ఆ శాస్త్రం నేలకి అన్నా, తీగకి కాదు," అని మస్తాన్ నావైపు తిరిగాడు. "సార్, మీరు చెప్పండి."

నాలో భౌతికశాస్త్రం లేచి నిలబడబోయింది. పక్కన బావమరిది ఉన్నాడు. మొదటి పంట. మా ఆవిడ పెట్టిన షరతు. ఎందుకొచ్చిన తంటా, ఏదైనా తేడా వస్తే వాస్తు వినలేదంటారు. భౌతికశాస్త్రం మళ్లీ కూర్చుంది.

"తిరగెయ్యి మస్తాన్."

"కుదరదు సార్."

"ఏం, ఎందుకు కుదరదు?"

"తిరగేస్తే తీగ గేటుని మొయ్యదు. గేటే తీగని మొయ్యాల. మీరే చెప్పారు గదా సార్ క్లాసులో, తాడు..."

"నాకే పాఠం చెబుతావురా? ముప్పై ఆరు నీకు, గుర్తుందా?"

"ఉంది సార్. అందులో ఒకటి మీరు జాలిపడి వేసింది." కోపం లేకుండా టేపు చుట్టుకున్నాడు. "రేపు గేటు వాలితే మస్తాన్ గేటు వాలిందంటారు. మాస్టారి తీగ వాలిందని ఎవరూ అనరు. వస్తా సార్." నమస్కారం పెట్టి, తాగని కాఫీకి కూడా మా ఆవిడకు థాంక్స్ చెప్పి వెళ్లిపోయాడు.

"పొగరు," అన్నాడు శేషు.

"మార్కుల్లోనే తెలిసిపోయింది," అన్నాను నేను. అయ్యా, ఆ వాక్యం ఇప్పటికీ నాకు ముద్ద దిగేటప్పుడు అడ్డం పడుతుంది.

సాయంత్రానికి శేషు ఇంకో కాంట్రాక్టర్ని పిలుచుకొచ్చాడు. పేరు బ్రహ్మయ్య. తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు, మొహాన బొట్టు. కుర్చీ వేయకముందే కూర్చున్నాడు. కాఫీ తాగి, "ఇలాంటి డికాక్షన్ మంగళగిరి దాకా దొరకదండి," అన్నాడు. ఎందుకు మంగళగిరి దాకానే దొరకదో, అక్కడ దొరుకుతుందో ఏమో నేను అడగలేదు. ఆయన ఏమన్నా బాగానే ఉంది ఆ పూట. ఫోనులో గేట్ల ఫొటోలు చూపించాడు. అన్నీ కొత్త పెళ్లికూతుళ్లలా రంగులూ పూలదండలూ. కాపురానికొచ్చిన మూడేళ్లకు ఎలా ఉన్నాయో ఒక్క ఫొటో లేదు. అదీ నేను అడగలేదు.

"ఒంటి రెక్క కావాలండి."

"అలాగేనండి."

"ఎల్లుండి దశమికి అయిపోవాలి."

"అలాగేనండి. దశమి కుదరకపోతే నవమికే ఇస్తానండి."

"తీగ ఈశాన్యంలో కిందినుంచి మొదలై..."

"అలాగేనండి. కావాలంటే రెండు తీగలు పెడతానండి."

పరీక్ష చేద్దామనిపించింది. "గేటు మీద రెండు చిలకలు కూడా..."

"అలాగేనండి. ఎదురెదురుగానా అండి, ఒకే వైపు చూస్తూనా?"

నా ప్రాణం లేచొచ్చింది. కాంట్రాక్టరంటే ఇలా ఉండాలి! పక్కనే నా బావమరిది మొహం ఉగాది పచ్చడిలో బెల్లం ముక్క తగిలినట్టు వెలిగిపోతోంది. మర్నాడు నాకు బడి. ఆ ఒక్కపూటలోనే గుంట తవ్వడం, స్తంభం నిలపడం అన్నీ అయిపోయాయి. సాయంత్రం వెళ్లి చూస్తే స్తంభం చుట్టూ మట్టి చదునుగా తొక్కి ఉంది. తట్టి చూశాను. రంగు అంటుకుంది. బాగుందన్నాను.

దశమినాడు గుమ్మడికాయ కొట్టాం, కొబ్బరికాయ కొట్టాం. గేటు పెళ్లికొడుకులా మెల్లగా తిరిగింది. ఎదురెదురుగా రెండు చిలకలు. వాటి మధ్య, వాటిని మించిన సైజులో, బ్రహ్మయ్య ఒక రేకు బోర్డు బిగించాడు. పసుపు మీద ఎర్రటి అక్షరాలు: "బ్రహ్మయ్య ఫెన్సింగ్ వర్క్స్. నమ్మకమే మా పునాది."

మూడో రోజు పొద్దున్న గడియ వేయబోతే, దాని రంధ్రానికి ఒక వేలెడు కిందికి ఉంది. మొక్కై వంగనిది మానై వంగదంటారు. గేటుకి ఆ సామెత ఎవరూ చెప్పినట్టు లేదు. బ్రహ్మయ్యకు ఫోను చేశాను.

"మర తిప్పండి మాస్టారూ. తీగ బిగుస్తదండి, గేటు లేస్తదండి."

పానా తెచ్చి రెండు చుట్లు తిప్పాను. మర్నాడు రెండు వేళ్లు కిందికి. మళ్లీ ఫోను.

"ఇంకొంచెం బిగించండి మాస్టారూ."

బిగించాను. మూడు వేళ్లు. బిగించాను. బెత్తెడు. ఇంత బిగించినా ఇంత దిగిందంటే, బిగించకపోతే ఎంత దిగేదోనని తలుచుకుని వణికిపోయి, ఇంకో రెండు చుట్లు బిగించాను. చదువుకున్న బుర్రకి ఉండే బలం చూడండి. అది తప్పుదారిలో కూడా తర్కంగానే నడుస్తుంది.

వారానికి గేటు కొస నేలని తాకింది. తీసినప్పుడల్లా కోణమానిని పెట్టి గీసినట్టు నేలమీద పావువృత్తం పడేది. ఒక్కొక్కరు ఒక్కో పద్ధతి కనిపెట్టారు. మా ఆవిడ నడుముతో ఎత్తి తోసేది. నేను కాలితో తన్ని చేత్తో లాగేవాణ్ణి. మరియమ్మ అసలు తీసేదే కాదు, జాలీ కింద దూరి వచ్చేది.

"మాస్టారూ, గేటు తీసేదానికి ఒక మనిషి, కాయలు ఏరేదానికి ఒక మనిషి కావాలయ్యా ఈ కల్లానికి," అనేది. "ఇంత ఇనుము ఎందుకు? మా గొడ్డుని అడ్డంగా కట్టేసినా ఇంతకన్నా తొందరగా లేచుద్ది."

ఇక ఆ మధ్యాహ్నం. కాయ గలగలలాడేలా ఎండింది. మర్నాడు గోతాలకెత్తాలి. తాలు కాయలు, అంటే రంగు మాసి తెల్లబోయినవి, ఏరి పక్కన పడేస్తున్నారు మరియమ్మ బృందం. నేను గొడుగు కింద కూర్చుని మనసులోనే మా ఆవిడకు విజయోత్సవ ప్రసంగం చదువుతున్నాను. ఉన్నట్టుండి ఎండ పోయింది. తల ఎత్తితే తూర్పున సముద్రం వైపునుంచి నల్లగా ఒక మబ్బు, నా పేరు అడిగి తెలుసుకుని వస్తున్నట్టు, నేరుగా మా కల్లం మీదికే.

ఎండిన మిరపకాయ మీద వాన పడితే మచ్చ పడుతుంది, బూజు పడుతుంది. నా సంగతైతే, వ్యవసాయం ఊసెత్తకూడదు. శేషుకి ఫోను చేస్తే పది నిమిషాల్లో కాయ మీద కప్పే టార్పాలిన్ పట్టాలు వేసుకుని ట్రాక్టరు మీద వచ్చాడు. వచ్చి గేటు బయట ఆగాడు. ఆగక ఏం చేస్తాడు? గేటు కొస నేలలో నాలుగు వేళ్ల లోతున నాటుకుపోయి ఉంది.

"బావా, గేటు తియ్యి!"

"తీస్తున్నా!"

"తియ్యి మరి!"

"అది తియ్యనివ్వట్లేదురా!"

"ఎత్తు!"

"ఎత్తుతున్నా! నువ్వు అరుస్తుంటే ఎక్కడ లేస్తుంది?"

"ఇటు తూర్పు బావా, తూర్పు వైపు నిలబడి ఎత్తు!" అని ట్రాక్టరు మీదినుంచే ఫోను తీశాడు.

"ఆ ఫోను జేబులో పెట్టకపోతే మబ్బుకంటే ముందు నేను కురుస్తా నీమీద!" అన్నాను.

అప్పుడు నాకు బ్రహ్మయ్య వాక్కు గుర్తొచ్చింది. పానా అందుకున్నాను.

"మాస్టారూ, వద్దయ్యా!" అని మరియమ్మ అరుస్తూనే ఉంది. "మీరు దాన్ని తిప్పినప్పుడల్లా అది కిందికే పోతంది! నెల కూడా చదువుకోని నాకే కనపడతంది!"

ఆవిడ నెల కూడా చదువుకోలేదు కాబట్టి కనపడింది. నేను బలమంతా పెట్టి ఒక చుట్టు తిప్పాను. గేటు మూలిగింది. "పట్టండమ్మా, అందరూ ఒక్కసారి!" అన్నాను. ఆడవాళ్లు ఆరుగురూ, నేనూ కొస పట్టి "ఐలేసా" అని ఎత్తాం.

గేటు లేచింది. దాంతోపాటు స్తంభం కూడా లేచింది. చేలోంచి ముల్లంగి దుంప ఊడొచ్చినంత సుకుమారంగా ఊడొచ్చి, గేటూ స్తంభం చిలకలూ బోర్డూ అన్నీ కలిసి బయటివైపుకి, ట్రాక్టరు ముందు సాష్టాంగపడ్డాయి. ఆ గేటు తన జీవితంలో మొదటిసారి పూర్తిగా తెరుచుకుంది.

గుంటలోకి తొంగిచూశాను. మూరెడు లోతు లేదు. అడుగున రెండు ఇటుక ముక్కలు, ఒక పాత కొబ్బరిచిప్ప. బ్రహ్మయ్యని అబద్ధాలకోరు అనడానికి వీల్లేదు. నమ్మకమే పునాది అని రాశాడు, అది తప్ప ఇంకేమీ వెయ్యలేదు.

"చూస్తావేంటి బావా, తప్పుకో!" అని శేషు గేటు మీదుగానే ట్రాక్టరు ఎక్కించి లోపలికి తెచ్చాడు. దారి తెరుచుకున్న కబురు ఎలా తెలిసిందో ఏమో, ట్రాక్టరు వెనకే పిలవని పేరంటంలా మరియమ్మ గేదె. మెల్లగా వచ్చి, ఎర్ర పరుపు చూసి, మోకాళ్లు వంచబోతూ, మర్యాదకి ఒకసారి వాసన చూసింది.

గేదె తుమ్మడం మీరెప్పుడైనా విన్నారా? నేను విన్నాను. బస్సు టైరు పగిలినట్టుంటుంది. ఆ ఒక్క తుమ్ముకి బుట్టెడు కాయలు గాల్లోకి లేచాయి. కారం దుమ్ము లేచింది. మరియమ్మ "ఓసి నీ దుంపతెగ, హాచ్!" అంది. శేషు "ఆగ్నేయం నుంచి, హాచ్!" అన్నాడు. నేను ఏమన్నానో నాకే తెలియదు. తుమ్ముతూనే పట్టాలు లాగాం, తుమ్ముతూనే కప్పాం. గేదె ఇంకో నాలుగు తుమ్మి, ఇలాంటి ఇంట్లో ఎవరుంటారన్నట్టు మా అందరివైపు ఒక చూపు చూసి, వచ్చిన దారినే వెళ్లిపోయింది. చివరి పట్టా మూల మీద రాయి పెట్టేసరికి మా ఆవిడ గొడుగుతో పరిగెత్తుకొచ్చింది.

అప్పుడు వాన పడింది. నేను లెక్కపెట్టాను. నాలుగు చినుకులు.

మబ్బు అలా పడమటికి పోయింది. కాయకి ఏమీ కాలేదు. మా ఆవిడ కింద పడ్డ గేటుని చూసింది, ఎర్రగా ఏడుస్తున్న మా కళ్లని చూసింది, నేను ఇంకా పట్టుకునే ఉన్న పానాని చూసింది.

"కాయ బయటికి చేరాక మన సంగతి మాట్లాడదాం," అంది. "ముందు ఆ బ్రహ్మయ్య సంగతి చూసి రండి."

కోపంతో బ్రహ్మయ్య ఇంటికి వెళ్లాను. దారిపొడుగునా తిట్లు ఏరుకున్నాను, తాలు లేకుండా. ఆవేశంగా ఆయన ఇంటి గేటుని ఒక్క తోపు తోశాను. అది నా చిటికెన వేలికి లొంగినట్టు వెన్నలా తెరుచుకుని, నేను లోపలికి అడుగు పెట్టగానే దానంతటదే వెనక్కి వచ్చి టక్కుమని గడియ పడింది. తిట్లన్నీ మర్చిపోయాను. మళ్లీ తీశాను. మళ్లీ టక్కుమంది. వంగి చూశాను. రెండు రెక్కలు. ప్రతి రెక్కకీ స్తంభం పైనుంచి కొస అడుగుకి ఏటవాలుగా తీగ. నాలుగోసారి తీస్తుంటే బ్రహ్మయ్య భార్య బయటికొచ్చింది.

"ఆయన లేరండీ."

"పర్వాలేదమ్మా. ఈ గేటు... ఇంత బాగా..."

"మస్తాన్ చేశాడండీ. ఆరేళ్లయింది, ఇంతవరకు చెయ్యి పెట్టలేదు."

"మస్తానా? మరి మీ ఆయన?"

"ఆయన చేస్తానన్నారండీ. నేనే వద్దన్నాను. ఇంట్లో చంటిపిల్లలు తిరుగుతుంటారు కదండీ!"

ఇక తిట్టడానికి ఏం మిగిలింది? నమస్కారం పెట్టి, ఇంకొక్కసారి టక్కుమనిపించుకుని వచ్చేశాను.

నేరుగా మస్తాన్ షాపుకి వెళ్లాను. వెల్డింగు ఆపి, కళ్లజోడు పైకెత్తాడు. ఊళ్లో కబురు అప్పటికే అతనికి చేరింది. నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంటున్నాడు. బుద్ధిమంతుడు.

"మస్తాన్, ఆ రోజు నువ్వేదో అంటుంటే మధ్యలో ఆపాను. ఇప్పుడు చెప్పు. తాడు..."

"తాడు లాగుద్ది గానీ నెట్టదు." చేతులు తుడుచుకున్నాడు. "తొమ్మిదో తరగతిలో తాడు ఒక కొస నాకిచ్చి, నన్ను నెట్టరా అన్నారు సార్ మీరు. నేను నెట్టా. తాడు ముడుచుకుపోయింది. క్లాసంతా నవ్వారు. అందుకే మర్చిపోలా."

నేను పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చున్నాను.

"మీ తీగ పైకొస గడియ దగ్గర, కిందికొస మడతబందు దగ్గర ఉంది గదా సార్. అది గేటు కొసని కిందికి తప్ప ఎటు లాగుద్ది? గేటు దానంతటది వాలింది కొంతే. మిగతాది రోజూ మీరు పానా పెట్టి వాల్చుకున్నారు."

ముప్పై ఆరు మార్కులు! అప్పుడు పేపరు దిద్దినవాడికి ఎన్ని మార్కులు వెయ్యాలో మీరే చెప్పండి.

"కొత్త గేటు కట్టు మస్తాన్. రేపే..."

"కుదరదు సార్. పది రోజులు."

"ఒంటి రెక్క..."

"కుదరదు సార్."

ఆ మాట నా చెవికి నాదస్వరంలా వినపడింది. అతని భుజం మీద చెయ్యి వేసి, "ఇంకోసారి అను," అన్నాను.

కాయ క్షేమంగా గోతాలకెక్కింది. గేదె తుమ్మిన చోట బుట్టెడు తప్ప అంతా దక్కింది. మా ఆవిడ తీర్పు చెప్పింది: "వచ్చే ఏడూ మీరే చెయ్యండి. కానీ పనివాళ్లతో మాట్లాడేటప్పుడు పక్కన నేనుంటా, మీరు నోరు విప్పకూడదు." అప్పట్నుంచి ఇప్పటిదాకా ఏడు పంటలు తీశాను. నోరు మూసుకుంటే నేను మంచి రైతునని తేలింది.

మస్తాన్ నాలుగడుగులు తవ్వి, తెల్లటి గట్టి నేల తగిలాక కాంక్రీటు పోసి, పది రోజులు మమ్మల్ని దాని దగ్గరికి కూడా రానివ్వలేదు. రెండు రెక్కలు తగిలించిన రోజు శేషు ఫోనుతో వచ్చి చాలాసేపు కొలిచాడు. "బావా, ఒక తీగ ఈశాన్యం వైపు లేస్తంది, ఇంకోటి ఈశాన్యం వైపు దిగతంది. కూడితే సున్నా. దోషం లేదు," అని తేల్చాడు. వాస్తు కోసం ఒక వస్తువు పోగొట్టుకున్నవాణ్ణి, నేను తలూపి ఊరుకున్నాను. ఆ గేటు ఈ రోజుకీ టక్కుమంటుంది. పని లేనప్పుడు వెళ్లి ఊరికే టక్కుమనిపించి వస్తుంటాను.

పాత గేటుని మాత్రం పారెయ్యలేదు. ట్రాక్టరు తొక్కి విల్లులా వంగినదాన్ని, రోడ్డుకి ఎదురుగా, అందరికీ కనపడేలా నిలబెట్టి బీరపాదు పాకించాను. బీరపాదు జాలీ అంతా అల్లుకుంటుంది. బోర్డు మీదికి వచ్చిన తీగని మాత్రం నా చేత్తో పక్కకి మళ్లిస్తాను. వారానికోసారి తడిగుడ్డతో తుడుస్తాను. తుప్పు పట్టకుండా అంచులకు నూనె రాస్తాను. వాలిపోయిన గేటు, దాని మధ్య తళతళలాడుతూ, "బ్రహ్మయ్య ఫెన్సింగ్ వర్క్స్. నమ్మకమే మా పునాది." రోడ్డున పొయ్యేవాళ్లు ఆగి చూస్తున్నారు. నేను కోరుకున్నదీ అదే కదా.

ఆ బోర్డు మీదే చెయ్యి వేసి, బీరపూలు సాక్షిగా ప్రమాణం చేశాను. ఈ జన్మలో "కుదరదు" అనడం రానివాడి చేత మేకు కూడా కొట్టించను. కొత్త గేటు చూపించేవాణ్ణి ముసలి గేటు చూపించమంటాను, అదీ చూపిస్తే వాళ్లింటి గేటు చూసొస్తాను. పానా ముట్టుకునే ముందు మరియమ్మని అడుగుతాను.

బ్రహ్మయ్య గారు ఏటా రెండుమూడు సార్లు ఫోను చేస్తుంటారు. మొన్న కూడా చేశారు. గొంతులో పాత డికాక్షన్ తీపి లేదు.

"మాస్టారూ, ఏడేళ్లయిందండి. జనం అడుగుతున్నారండి. దయచేసి ఆ బోర్డొకటి తీసేయండి."

"అలాగేనండి," అన్నాను.

"వచ్చే దశమికల్లా తీసేస్తారా అండి?"

"అలాగేనండి. దశమి కుదరకపోతే నవమికే తీసేస్తానండి," అని ఫోను పెట్టేసి, తడిగుడ్డ ఎక్కడుందో వెతుక్కుంటూ వెళ్లాను.